తాళంచెవి సణిగేవాడికే ఇవ్వండి

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో కోడ్‌ను నేరుగా చేర్చే హక్కున్న కమిటర్ ఒకరు తప్పుకుంటే ఆ హక్కు ఎవరికివ్వాలి? ఓపిగ్గా, మర్యాదగా ఏళ్ల తరబడి ప్యాచ్‌లు పంపినవాడికి అంటారు పెద్దలు. వద్దు. అందరికంటే ఎక్కువ సణిగేవాడికి ఇవ్వండి.

ఘంటసాల వైపు రైతునడగండి, ఎందుకో చెబుతాడు. కృష్ణా డెల్టాలో ఎగువ పొలాలు తడిశాకే నీళ్లు శివారుకు చేరతాయి. సార్వా నాట్లు ఆలస్యమైతే మొదట అరిచేదీ, కాలువలో గుర్రపుడెక్క ఎక్కడ అడ్డం పడిందో వేలు పెట్టి చూపించేదీ శివారు రైతే. ఎగువవాడికి తొందరేముంది? 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి, మంచిదే. నన్నడిగితే షట్టరు తాళం కూడా శివారువాడి మొలతాడుకే ఉండాలి.

ఫాంట్ల సంగతీ అంతే. దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరు పెట్టుకున్న మండలి ఫాంటు స్వేచ్ఛా లైసెన్సుతో అందరికీ దొరుకుతోంది. అలాంటి ఫాంటుకు కొత్త మనిషి కావాలంటే బందరులో పెళ్లి కార్డులు కూర్చే డీటీపీ ఆయన్ని పిలవండి. 'లక్ష్మి'లో వొత్తు కింది వరుసకు తగులుతోందని ముందు గొణిగేది ఆయనే. గిట్ రాదా? కూర్చోబెట్టి నేర్పండి. ఆ కన్ను మాత్రం నేర్పితే వచ్చేది కాదు.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో బయటపడిన బ్యాక్‌డోర్ సంగతేమిటని అడుగుతారు. అక్కడ మెయింటెయినర్ లాసే కొలిన్ మీద ఒత్తిడి తెచ్చింది సణుగుడే కదా! నిజమే. కానీ ఆ ఫిర్యాదులు చదవండి: మెయింటెయినర్ నెమ్మదిగా ఉన్నాడు, ఇంకొకరికి అప్పజెప్పమన్న గోలే ఎక్కువ. మనిషి మీద సణిగేవాణ్ణి దగ్గరకు రానివ్వకండి, పని మీద సణిగేవాణ్ణి వదులుకోకండి. ఆ బ్యాక్‌డోర్ పెట్టిన 'జియా టాన్' అసలు సణగలేదు. 2021 నుంచి ఓపిగ్గా ప్యాచ్‌లు పంపాడు. పెద్దలు చెప్పే యోగ్యతలన్నీ అతనికి ఉన్నాయి. దొంగను పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్? ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని ఊరుకోలేకపోయినవాడు.

అప్పగింత కూడా నెలల తరబడి సాగదీయకండి. ఒక్క రోజులో పూర్తిచేయండి: కొత్తవాడి కీ చేర్చండి, మీ కీ రద్దు చేసుకోండి, మీ పేరు క్రెడిట్స్ ఫైలులోకి మార్చండి. 'అవసరానికి ఉంటుందిలే' అని పాత హక్కు అట్టిపెట్టుకుంటే కొత్తవాడు ప్రతిదానికీ మీ మొహం చూస్తాడు. మొదటి వారంలోనే ఏదో ఒకటి పాడుచేస్తాడు, చేయనివ్వండి. గిట్‌లో రివర్ట్ ఉంది. అది కూడా అతని చేతే చేయించండి.