చెత్తబండి సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఇవ్వండి.

అవతారిక: బొల్లారం వీధులలో పొద్దున పూట చెత్తబండి మీది మైకు నుండి వెలువడే వాక్కులలో సారభూతమైనది ఈ సూత్రం. బండిని బట్టి మాటల వరుస మారినా, ముందొక పాట వెనుకొక హెచ్చరిక చేరినా, వాటన్నింటి అర్థం వచ్చి ఈ ఆరు పదాలలోనే ఇముడుతుంది. సూత్రమన్నది తక్కువ అక్షరాలతో, సందేహానికి తావు లేకుండా, సారవంతంగా ఉండాలని పెద్దలు లక్షణం చెప్పారు. ఈ సూత్రానికి మొదటి గుణమూ మూడవ గుణమూ పుష్కలంగా ఉన్నాయి. రెండవ గుణం లేకపోవడం చేతనే ఈ వ్యాఖ్య అవసరమైంది.

దేశనిర్ణయం: రాష్ట్రపతి నిలయం గల సికిందరాబాదు బొల్లారం వేరు, ఈ బొల్లారం వేరు. ఇది ఒకప్పటి మెదక్ జిల్లా జిన్నారం మండలంలోని పల్లె; పారిశ్రామికవాడగా పెరిగి, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చి, 2018లో మున్సిపాలిటీ అయి, 2025 డిసెంబరులో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. పదేళ్ళలో ఊరిని ఏలే బోర్డు ఇన్నిసార్లు మారినా సూత్రంలో ఒక్క అక్షరం మారకపోవడం దాని ప్రామాణ్యానికి నిదర్శనమని శ్రద్ధాళువులు అంటారు. బోర్డు మారినంత మాత్రాన సంచులు మారవు కనుక సూత్రమూ మారనక్కరలేదని తక్కినవారు అంటారు.

ప్రతిపదార్థం: తడి = కుళ్ళి మట్టిలో కలిసే స్వభావము గల; చెత్త = ఇంటికి అక్కరలేని వస్తుసముదాయమును; పొడి = అట్లు కుళ్ళని; చెత్త = మరల అట్టి సముదాయమును; వేరుగా = ఒకదానితో ఒకటి కలియని విధముగా; ఇవ్వండి = సమర్పింపుడు. ‘మీరు’ అనే కర్తృపదం అధ్యాహార్యం, అనగా వాక్యంలో లేకపోయినా అర్థం కోసం బయటినుండి తెచ్చుకోవలసినది. ‘ఎవరికి’ అన్నది కూడా మూలంలో లేదు. ఈ రెండవ లోపం చిన్నది కాదు. దాని విచారణ చివర వస్తుంది.

‘తడి’ శబ్దవిచారం: నీరు అంటినది తడి అని లోకవ్యవహారం. ఆ అర్థాన్నే ఇక్కడ పట్టుకుంటే లక్షణానికి రెండు దోషాలు వస్తాయి. వానకు తడిసిన ప్లాస్టిక్ సీసా కూడా తడి చెత్త అయిపోతుంది; ఇలా లక్షణం కాని చోటికి పాకడాన్ని తార్కికులు అతివ్యాప్తి అంటారు. ఎండిన ఉల్లిపొట్టు, రాలిన వేపాకు, దేవుడి పటం మీద వాడి గలగలలాడే బంతిపూల దండ తడి చెత్త కాకుండా పోతాయి. ఉండవలసిన చోట లక్షణం లేకపోవడమైన ఇది అవ్యాప్తి. కనుక పంకజమంటే బురదలో పుట్టిన ప్రతి పురుగూ కాక తామర మాత్రమే అయినట్టు, ‘తడి’ ఇక్కడ కుళ్ళే గుణం గల పదార్థాలకు పరిమితమైన మాట అని గ్రహించాలి. కేంద్ర ప్రభుత్వం 2016లో చేసిన ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు ఈ చెత్తను నీటి ప్రసక్తి లేకుండా సూక్ష్మజీవుల వల్ల విచ్ఛిన్నమయ్యే పదార్థమని నిర్వచించడం ఈ అర్థానికి ఉపబలకం.

పాలప్యాకెట్టు విషయంలో ఈ నిర్వచనమూ తడబడుతుంది. కవరు పొడి, అడుగున మిగిలిన నాలుగు చుక్కల పాలు తడి. కత్తిరించిన ఆ మూలముక్క ఏ వర్గానికీ చిక్కక సింకు గొట్టంలోకి పోతుంది. కడిగి ఆరబెట్టి ఇవ్వమని సంప్రదాయం. అయితే ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకునే గల్లీలో, చెత్తను కడగడానికి ఎన్ని చెంబులు ఖర్చుపెట్టవచ్చునన్న ప్రశ్నకు ఏ నియమావళిలోనూ సమాధానం కనబడదు.

‘చెత్త’ పునరుక్తి: ‘తడి పొడి చెత్తలు’ అంటే సరిపోయేదానికి ‘చెత్త’ అని రెండుసార్లు చెప్పడం పునరుక్తి దోషం కాదా అని ఆక్షేపణ. కాదని సమాధానం. అరటితొక్క ఏ ఇంటిలోనైనా పుట్టుకతోనే చెత్త. పొడి వస్తువుకు ఆ పేరు అంత సులువుగా దక్కదు. పాత దినపత్రిక, అట్టపెట్టె, ఖాళీ నూనె డబ్బా, వంగిన ఇనుపచువ్వ ఇంటివారి దృష్టిలో ‘సామాను’. వారానికొకసారి ట్రాలీ మీద త్రాసు పెట్టుకొని కేకవేస్తూ వచ్చే గుజిరీ వ్యాపారి వాటిని తూచి రొక్కమిస్తాడు. మున్సిపాలిటీ పుట్టకముందు నుంచీ ఊరిలో నడుస్తున్న పునర్వినియోగ శాస్త్రం ఇదే. దానికి మైకు అవసరం రాలేదు. గుజిరీ త్రాసు ఎంచుకోగా మిగిలిన చిప్స్ కవరు, థర్మకోలు ముక్క, తెగిన చెప్పు, షాంపూ పొట్లం మాత్రమే బండి దాకా వస్తాయి. ధర పలికే పొడి వస్తువు సామానని, ధర పలకనిదే పొడి చెత్త అని తెలియజేయడానికే సూత్రకారుడు ఆ పదాన్ని మరల వాడినాడు.

దీనినుండి ఒక ఆర్థిక రహస్యం కూడా తెలుస్తుంది. పొడి చెత్తను అమ్మి పట్టణాలు రాబడి సంపాదించాలని అధికారులు చెప్పే మాటలో, ఆ చెత్తలోని వెన్న ముందే గుజిరీ దుకాణానికి చేరిందన్న సంగతి వినిపించదు. చిప్స్ కవరులో ప్లాస్టిక్ పొరలూ పలుచని అల్యూమినియం పూతా విడదీయరాకుండా అతుక్కొని ఉంటాయి. దానిని కరిగించి మళ్ళీ కవరు చేయడం లాభసాటి కాదు. మహా అయితే సిమెంటు బట్టీకి ఇంధనంగా పోతుంది. బూడిద కావడం పునర్జన్మలో లెక్కా, మోక్షంలో లెక్కా అన్నది వేదాంతులకు వదిలివేయదగిన విషయం.

‘వేరుగా’ విచారం: వేరు అంటే ఎన్ని వేర్లు? ఇక్కడ మతభేదాలు ఉన్నాయి. అంతా ఒకే నల్లకవరులో మూటకట్టి ఇచ్చేవారు అద్వైతులు. వీరి సంఖ్య తక్కువ కాదు. మైకు ద్వైతాన్ని బోధిస్తుంది. 2016 నియమాలు తడి, పొడి, ఇంటి ప్రమాదకర వ్యర్థాలు అని మూడు చెప్పి, డైపర్లను, శానిటరీ ప్యాడ్లను పొట్లం కట్టి పొడి బుట్టలో వేయమన్నాయి. 2026 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన కొత్త నియమాలు ఆ పొట్లాన్ని ప్రత్యేక వర్గం చేసి, వర్గాలను నాలుగుకు పెంచాయి. జపానులోని కమికట్సు అనే చిన్న ఊరిలో చెత్తను నలభైకి పైగా రకాలుగా విడదీస్తారు. ఒకే గదిలో నలుగురు వంతులవారీగా నిద్రపోయే బొల్లారం అద్దె ఇంటిలో అన్ని బుట్టలు పెడితే, బయట పడుకోవలసినది నలుగురు మనుషులా, బుట్టలా అన్న శంక వస్తుంది.

రంగుల విషయంలో పాఠాంతరం ఉంది. 2000 నాటి నియమాలు కుళ్ళేదానికి ఆకుపచ్చ, మళ్ళీ వాడదగినదానికి తెలుపు, తక్కినదానికి నలుపు అన్నాయి. వాడుకలో స్థిరపడినవి ఆకుపచ్చ, నీలం. తెలుపు పాఠం ఎందుకు నిలవలేదో చెత్తబుట్టను ఒక వారం వాడినవారికి టీక అక్కరలేదు. నీలం బుట్టలో బియ్యం పోసి, ఆకుపచ్చ బుట్టలో బట్టలు నానబెట్టే సంప్రదాయం పలుచోట్ల ఉన్నా, అది మూలానికి సంబంధించినది కాదు.

ప్రమాదకర వ్యర్థాలను గురించి సూత్రం మౌనం వహించింది. గడువు తీరిన మాత్రలు, సూదులు, ట్యూబులైట్లు, బ్యాటరీలు, పురుగుమందు డబ్బాలు ఈ కోవలోనివి. మందుల ముడిసరుకు తయారయ్యే ఊరిలో, పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాలను శుద్ధిచేసి పూడ్చే దుండిగల్ కేంద్రానికి ఇంత దగ్గరలో, ఇంటిలోని గడువు తీరిన మాత్రల పట్టీ కొబ్బరిచిప్పతో కలిసి ప్రయాణించడం చిత్రమైన అన్వయం.

‘ఇవ్వండి’ విచారం: ఈ వ్యాఖ్యకు ఆయువుపట్టు ఇది. ఇచ్చే క్రియకు పుచ్చుకునేవారు ఒకరుండాలి; వ్యాకరణంలో వారిని సంప్రదానం అంటారు. సంస్కృత వ్యాకర్తలు ఇక్కడ ఒక మెలిక పెట్టారు. చాకలికి బట్టలు ఇవ్వడం నిజమైన ఇవ్వడం కాదు, ఏలయనగా ఆ బట్టలు తిరిగి వస్తాయి. తన హక్కు పూర్తిగా వదులుకున్నదే దానం. కనుక చాకలికి చతుర్థి కాక షష్ఠి చెప్పారు. మరి బండికి ఇచ్చిన చెత్త ఏ కోవలోనిది? ఇచ్చినవాడు హక్కు వదులుకున్నాడనడంలో ఎవరికీ సందేహం లేదు. అయినా నీళ్ళసీసా చొక్కాలోని పాలియెస్టరు దారమై తిరిగి వస్తుంది, తొక్కలు ఎరువై వస్తాయి, ఖాళీ స్థలంలో తగలబెట్టిన కవరు రాత్రికి పొగయై కిటికీలోనుండి ఇంటికే వస్తుంది.

ఈ న్యాయం బొల్లారానికి కొత్త కాదు. కర్మాగారాలు కుంటలకూ వాగులకూ ‘ఇచ్చివేసిన’ వ్యర్థజలాలు బావులలోకి, పొలాలలోకి తిరిగి వచ్చిన కథ పటాన్‌చెరు ప్రాంతమంతటిదీ. దానిపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్ర కాలుష్యమున్నవిగా లెక్కించిన 43 పారిశ్రామిక ప్రాంతాలలో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి. బొల్లారంలోని అసానికుంట పుచ్చుకున్నది దానంగా కాదు, చాకలి మూటగా.

తెలుగు వ్యాకరణం ఈ విషయంలో ముందుచూపు గలది. మన విభక్తుల పట్టికలో ‘కు’ ప్రత్యయం చతుర్థిలో లేదు, షష్ఠిలో ఉంది. ‘బండికి ఇచ్చాను’ అన్న తెలుగువాడు, ఆ వస్తువు మళ్ళీ తన ఇంటికి వస్తుందని విభక్తి మాటున ఒప్పుకున్నట్టే. మూలంలో ‘ఎవరికి’ అన్న పదం లేకపోవడానికి కారణం కూడా ఇదే కావచ్చు.

ఇక మిగిలినది ‘అండి’. నియమావళులు ‘ఇవ్వవలెను’ అని శాసిస్తాయి, ఇవ్వకుంటే జరిమానా అంటాయి. బండి మాత్రం ‘ఇవ్వండి’ అని మన్నిస్తుంది. ఆ మన్ననను మోసుకొని వచ్చే ఇద్దరు, నడుస్తున్న బండిలోనే నిలబడి, ఒకే కవరులో వచ్చినదానిని చేతులతో విడదీసి, సీసాలను పక్కన కట్టిన గోనెసంచిలోకి, అట్టలను పైకప్పు మీదికి చేరుస్తారు. ‘వేరుగా’ అన్న క్రియావిశేషణానికి పలు వీధులలో కర్తలు వీరే. ఆ సమయాన మేడమీదినుండి వినవచ్చే మాట ‘చెత్తోడు వచ్చిండు’ అని. ఇచ్చినవన్నీ ఏదో రూపాన తిరిగి వచ్చే ఈ వ్యవహారంలో, తిరిగి రానిదీ, కనుక చతుర్థికి నిజంగా అర్హమైనదీ, బండివారు ఇచ్చిన ఆ ‘అండి’ ఒక్కటే.