పగడపు రాతి మీద పచ్చ చెవుల యంత్రం

ఈ ఆత్మకథ ఎక్స్‌ఓ-1 అనే చిన్న లాప్‌టాప్‌ది. పేద, మారుమూల ప్రాంతాల బడిపిల్లలకు తలా ఒక కంప్యూటర్ అందించాలన్న ఆశయంతో నికొలస్ నెగ్రోపాంటే 2005లో ప్రకటించిన ‘వన్ లాప్‌టాప్ పర్ చైల్డ్’ కార్యక్రమం కోసం రూపొంది, 2007 చివర్లో పెద్దఎత్తున తయారవడం మొదలైన యంత్రజాతి దీనిది. 2008లో ఇది దక్షిణ పసిఫిక్‌లోని నియూ దీవికి చేరి, పనిచేసినన్నాళ్లూ అక్కడే పనిచేసింది. పసిఫిక్ కమ్యూనిటీ సచివాలయం చొరవతో దీనితోపాటు మరో ఐదువందల వరకు లాప్‌టాప్‌లు అక్కడికి రావడంతో, బడిపిల్లలందరి చేతుల్లోనూ కంప్యూటర్ ఉన్న తొలి దేశంగా నియూ పేరు ఆ ఏడాది వార్తల్లోకి ఎక్కింది.

నియూ అంటే సముద్రంలోంచి పైకి లేచిన ఒకే ఒక్క పగడపు సున్నపురాయి దిమ్మె. సుమారు 260 చదరపు కిలోమీటర్ల ఆ నేల మీద పద్నాలుగు గ్రామాలున్నాయి. నది ఒక్కటీ లేదు. తీరం చాలాచోట్ల నిట్టనిలువు రాతి అంచు కావడం వల్ల ముఖ్యపట్టణం అలోఫీ రేవులో పడవలను క్రేన్‌తో ఎత్తి గట్టు మీద పెట్టవలసి వస్తుంది. 1974 నుంచి ఈ దీవి న్యూజిలాండ్‌తో ‘స్వేచ్ఛా అనుబంధం’లో ఉంది, అనగా పాలన తమదే అయినా ప్రజల పౌరసత్వం న్యూజిలాండ్‌ది. ఆ పౌరసత్వం వల్ల వలస వెళ్లడం సులువైంది. 1960లలో ఐదువేలు దాటిన జనాభా ఈ యంత్రం వచ్చేనాటికి పదహారు వందల దగ్గరికి పడిపోగా, న్యూజిలాండ్‌లో స్థిరపడిన నియూయన్లు అంతకు ఎన్నో రెట్లు పెరిగారు. కంప్యూటర్ చదువుకూ ఈ లెక్కకూ సంబంధం ఏమిటని ఎవరైనా అడగవచ్చు గాని, ఈ యంత్రం గమనించినంతలో అసలు చిక్కు అక్కడే ఉంది: చదువు ముగిసిన పిల్లలు ఆక్లాండ్ విమానం ఎక్కే చోట, బయటి నుంచి వచ్చినవారు నేర్పిన విద్య ఎవరి చేతుల్లో మిగులుతుంది?

దీని శరీరాన్ని గురించి కొంత చెప్పాలి. తెలుపు, ఆకుపచ్చ రంగుల గట్టి ప్లాస్టిక్ పెట్టె, ఏడున్నర అంగుళాల తెర, రెండు వైపులా చెవుల్లా పైకి లేచే పచ్చటి యాంటెన్నాలు, నీటిచుక్కలూ దుమ్మూ లోపలికి దిగకుండా ఒకే రబ్బరు పొరతో కప్పిన కీబోర్డు దీని ఆనవాళ్లు. లోపల తిరిగే హార్డ్‌డిస్కు గాని, ఫ్యాను గాని లేవు. 433 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల ర్యామ్, ఒక గిగాబైట్ ఫ్లాష్ నిల్వ మాత్రమే ఉన్నాయి. మామూలు తెరలు వెలవెలబోయే ఎండలో కూడా దీని తెర మీది అక్షరాలు నలుపు తెలుపుల్లో స్పష్టంగా కనిపిస్తాయి. దీనికి ఉన్న మరో శక్తి మెష్ నెట్‌వర్క్. రౌటర్ లేని చోట కూడా ఒక లాప్‌టాప్ అందుకున్న సంకేతాన్ని పక్కదానికి, అది ఆ పక్కదానికి చేరవేసే ఈ ఏర్పాటు, మంటలార్పడానికి వరుసగా నిలబడ్డ ఊరివాళ్లు బిందెలు చేతులు మార్చినట్టు పనిచేస్తుంది.

ఈ జాతి యంత్రాల వెనుక సేమోర్ పాపర్ట్ అనే విద్యావేత్త ఆలోచన ఉంది. పిల్లలు తమ చేతులతో ఏదైనా తయారుచేస్తూ ఉన్నప్పుడే బాగా నేర్చుకుంటారన్న ఆ సిద్ధాంతాన్ని కన్‌స్ట్రక్షనిజం అంటారు. అది గొప్ప ఆలోచనే గాని, పెట్టె ఇస్తే చాలు, మిగతాది పిల్లలే చూసుకుంటారని దానికి అర్థం చెప్పుకున్నవారూ ఉన్నారు. అది నిజం కాదని ఈ యంత్రానికి తొలి ఏడాదిలోనే తెలిసింది. తెర ముందు కూర్చున్న పిల్ల ఫొటోలు తీసింది, ఆటలాడింది, ఆపైన ఏం చేయాలో తోచక మూత వేసింది. ఆమెకు దారి చూపవలసిన ఉపాధ్యాయినికి ఈ యంత్రాన్ని తెరిచే తీరికే దొరకలేదు.

ఆ దశలో న్యూజిలాండ్ నుంచి ఒక వాలంటీర్ వచ్చింది. వాలంటీర్ అంటే జీతం ఆశించకుండా, ఉండడానికి చోటు దొరికితే చాలనుకుని, కొన్ని నెలలపాటు తనకు తెలిసిన పని నేర్పి వెళ్లే మనిషి. ఇలాంటివారు సాధారణంగా నేరుగా పిల్లల మధ్యకు వెళ్తారు, ఎందుకంటే పిల్లల సంబరం వెంటనే కంటికి కనిపిస్తుంది. ఆమె మాత్రం మొదట ఉపాధ్యాయినులతో కూర్చుంది. వారిలో ఒకరు తాను ఈ దీవి విడిచి వెళ్లేది లేదని చెప్పగానే తన సమయంలో పెద్దభాగం ఆమెకే కేటాయించింది. ఈ యంత్రం చూసిన నిర్ణయాలన్నిటిలోనూ వివేకవంతమైనది ఇదే.

ఆ వాలంటీర్ నేర్పిన వాటిలో మొదటిది టైపింగ్ కాదు, మరమ్మతు. ఈ జాతి లాప్‌టాప్‌ను మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పవచ్చు. మరలు పోతాయని ముందే ఊహించి, పట్టుకునే పిడి లోపలే అదనపు మరలు అమర్చి ఉంచారు. ఉప్పుగాలీ తేమా కలిసి లోహాన్ని తినివేసే ఆ దీవిలో, కొత్త భాగం కావాలంటే విమానం కోసం ఎదురుచూడవలసిన ఆ చోట, పాడైన రెండు యంత్రాలను విప్పి పనిచేసే ఒకదాన్ని తయారుచేయడం అన్నిటికంటే అవసరమైన విద్య. ఉపాధ్యాయిని మొదటిసారి ఈ యంత్రం తెరను ఊడదీసినప్పుడు ఆమె చేతులు వణికాయి. మళ్లీ బిగించి మీట నొక్కగా తెర వెలిగినప్పుడు, గదిలో ఉన్న పిల్లల చూపులో ఆమె స్థానం మారిపోయింది. అప్పటిదాకా కంప్యూటర్ తెలిసిన మనిషంటే బయటి నుంచి వచ్చే మనిషే.

రెండో పాఠం ఉపాధ్యాయినే ఎంచుకుంది. వగహౌ నియూ అనే నియూయన్ల భాషను ప్రమాదంలో ఉన్న భాషల జాబితాలో యునెస్కో చేర్చింది. దానికి తోడు 2004 జనవరిలో వచ్చిన హెటా తుఫాను దీవిలోని సాంస్కృతిక కేంద్రాన్నీ, మ్యూజియంలో దాచుకున్న పాత వస్తువుల్లో అత్యధిక భాగాన్నీ ఊడ్చుకుపోయింది. పోయిన వస్తువులు తిరిగి రావు గాని, వాటిని తయారుచేసిన చేతులు ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నాయని ఆమె గుర్తుచేసింది. ఈ యంత్రంలో కెమెరా, మైకు, ‘రికార్డ్’ అనే ప్రోగ్రామ్ ఉన్నాయి. చేసిన పనిని ఫైళ్లూ ఫోల్డర్లుగా కాక తేదీల వరుసలో దాచే ‘జర్నల్’ ఉంది. పిల్లలు ఇళ్లకు వెళ్లి, మొగలి జాతి ఆకులతో టోపీలూ చాపలూ అల్లే అమ్మమ్మల ముందు ఈ యంత్రాన్ని పెట్టి, ఏ ఆకును ఎప్పుడు కోయాలో, ఎలా ఎండబెట్టాలో, ఏ అల్లికకు ఏం పేరో వారి మాటల్లోనే రికార్డు చేశారు. నిల్వ చాలక పాతవి చెరపవలసి వచ్చినప్పుడు ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని పిల్లలు వాదించుకున్నారు. కంప్యూటర్ శిక్షణ అనే మాటకు ఈ యంత్రం ఎరిగిన అత్యుత్తమ అర్థం ఆ వాదనే.

వాలంటీర్ గడువు తీరి వెళ్లిపోయింది. కాలక్రమంలో ఈ యంత్రం కీబోర్డు రబ్బరు చిరిగింది, బ్యాటరీ ఛార్జ్ నిలుపుకోవడం మానేసింది. దీని తెరను ఉపాధ్యాయినే విప్పి, తెర పగిలిన మరో యంత్రానికి అమర్చింది. రికార్డులు అంతకుముందే పెన్‌డ్రైవ్‌లోకి, అక్కడినుంచి ఆక్లాండ్‌లోని బంధువుల ఇళ్లకు చేరాయి. తరువాత మరో వాలంటీర్ తాను సిద్ధం చేసుకున్న పాఠాల జాబితాతో వచ్చినప్పుడు, ఉపాధ్యాయిని దాన్ని ఓపికగా చదివి, వీటిలో చాలావరకు తానే చెప్పగలనని, రికార్డుల్లోంచి గాలి హోరును తొలగించే పద్ధతి మాత్రం తమకు రాదని, ముందుగా అది నేర్పమని కోరింది.