బార్డరన్న

ఆళ్లగడ్డలో ఆయన్ను పేరుతో పిలిచేవాళ్లు తగ్గిపోయారు. కచ్‌లోని బన్నీ గడ్డి భూములకు పోయొచ్చినప్పటి నుంచి అందరికీ బార్డరన్నే. ఇట్లాంటి మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. ఎంత దూరముంటే అంత గొప్ప. పర్మిట్ అడగని చోటు ఆయన లెక్కలో చోటే కాదు.

పొద్దున్నే నాలుగు రోడ్ల దగ్గర టీ గ్లాసు చేతికందితే చాలు, మొదలు. "రెండున్నర వేల చదరపు కిలోమీటర్లప్పా! ఆ పక్క రణ్, రణ్ దాటితే పాకిస్తాన్." చివరి మాట దగ్గర గొంతు తగ్గిస్తాడు, అవతలోళ్లు వింటారేమో అన్నట్టు. జేబులోంచి పర్మిట్ తీస్తాడు. లామినేషన్ కూడా చేయించినాడు. ఇండియా బ్రిడ్జి అవతలికి తనను పోనీయలేదన్నది కూడా సన్మానం జరిగినట్టే చెప్తాడు.

తర్వాత బర్రెలు. "రాత్రి వాటంతట అవే మేతకు పోతాయి, తెల్లారేసరికి పాలియ్యడానికి ఇంటికొస్తాయి. 2010లో ప్రత్యేక జాతి అని గుర్తించినారు."

"రాత్రి పోయి తెల్లారి వచ్చేటోడు మా ఇంట్లోనూ ఉన్నాడు. పాలే ఇయ్యడు" అంటాడు టీ అంగడాయన.

ఫోన్లో ఫొటోలు తిప్పుతుంటే, చేతులకు రాతిపొడి అంటుకున్న శిల్పి ఒకాయన తొంగి చూశాడు.

"అన్నా, గడ్డేదీ? ఇది మన చెరువు గట్టు మీది సర్కారు తుమ్మ కదా?"

"ఉప్పు నేల ముందుకు రాకూడదని 1960లలో అటవీ శాఖోళ్లు వేసినారు. అది పెరిగి పెరిగి గడ్డినే మింగింది."

"మన తుమ్మ చేసిందీ అదే కదన్నా?"

"అదేలే. కానీ బార్డర్లో చేయలా!"

శిల్పి వదల్లేదు. "మన జిల్లాలోనే రోళ్లపాడులో గడ్డి నేల ఉంది. బట్టమేక పిట్ట కోసమని 1988లో అభయారణ్యం చేసినారు. మీటరెత్తు పిట్టంట. నువ్వెప్పుడన్నా పోయినావా?"

బార్డరన్న మొహం అదోలా పెట్టాడు. "మిడుతూరు కాడ ఉండేదేనా? పొద్దున పోతే మధ్యాహ్నం సంగటికి ఇంట్లో ఉంటాం. దాన్ని ప్రయాణమంటారా?"

ఆ పిట్ట ఇప్పుడక్కడ కనబడటం లేదని శిల్పి చెప్పబోయాడు. బార్డరన్న అప్పటికే జైసల్మేర్ వైపు దారి వెతుకుతున్నాడు. అటవీ శాఖ వాళ్లకు ఒక్క మనవి: రోళ్లపాడు గేటు దగ్గర రెండు ఫొటోలు, ఆధార్ జిరాక్సు, ఎస్సై సంతకం అడగండి. బార్డరన్న రేపే వస్తాడు.