కంపెనీ మార్చి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వెస్ట్ పాయింట్ పెద్దలు దానికి మూడోది కలిపారు: కంపెనీ మార్చి చూడు.

వెస్ట్ పాయింట్ అంటే హడ్సన్ నది ఒడ్డున 1802లో పెట్టిన అమెరికా సైనిక అకాడమీ. నాలుగు రెజిమెంట్లు, ఒక్కోదానిలో కంపెనీలనే దళాలు తొమ్మిది, వెరసి 36. నాలుగేళ్ల చదువు. కుర్రాడు జుట్టు కత్తిరించుకుని చేరతాడు. ఒకే బ్యారక్‌లో సీనియర్ల చేత తిట్లు తింటాడు. అర్ధరాత్రి పక్కవాడి బూట్లకి పాలిష్ పెడతాడు, పక్కవాడు వీడికి లెక్కలు చెబుతాడు. తీరా ప్రాణస్నేహాలు కుదిరాక ఆర్డరు దిగుతుంది: నువ్వు ఇక ఈ కంపెనీ కాదు, ఫలానా కంపెనీ. తరగతి తరగతంతా చెల్లాచెదురు. దీన్ని అక్కడ స్క్రాంబుల్ అంటారు. అనాపొలిస్ నావికా అకాడమీలో ఇదే పనికి షాట్‌గన్ అని పేరు. నావికుల దయాగుణం పేరులోనే ఉంది.

పోనీ, ఇదేమన్నా శిలాశాసనమా అంటే అదీ కాదు. ఒక కమాండెంటు దొర మార్చాలంటాడు. తర్వాత వచ్చినాయన, నాలుగేళ్లూ ఒకే కంపెనీలో ఉంటేనే ఐకమత్యం అంటాడు. మరొకాయన వచ్చి మళ్లీ కలగాపులగం చేస్తాడు. ఐకమత్యం మీద ఐకమత్యం లేనిది వాళ్లకే. ఆ దొరలూ రెండు మూడేళ్లకి బదిలీ అయ్యేవాళ్లే కాబట్టి తాము కలిపిన కూర రుచి చూసే పని వాళ్లకి పడదు.

మార్చడానికి కారణాలు మాత్రం ఘనంగానే ఉంటాయి. ఒక కంపెనీలో చండశాసనం, పక్కదాంట్లో చుట్టరికం. ముఠాలు పెరుగుతాయి, తోటివాడి తప్పు కడుపులో దాచుకుంటారు. 1976లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పనిలో కాపీలు కొట్టినందుకు 150 మందికి పైగా క్యాడెట్లు వెస్ట్ పాయింట్ వదలాల్సి వచ్చింది. అబద్ధమాడినవాడే కాదు, చూసీ ఊరుకున్నవాడూ దోషే అన్నది అక్కడి నియమం. స్నేహితుడున్న ప్రతివాడికీ ఆ రెండో ముక్క దగ్గరే గొంతు పట్టుకుంటుంది.

స్క్రాంబుల్‌కి ముందరి పద్ధతి ఇంకా ముచ్చటైనది. 1950ల దాకా అక్కడ కంపెనీలు ఎత్తును బట్టి. పొడుగువాళ్లు చివరి కంపెనీల్లో, పొట్టివాళ్లు నడిమి కంపెనీల్లో. కవాతులో దూరం నుంచి చూసే పెద్దలకి అందరూ సమానంగా కనిపించాలి గదా! సమానత్వం సాధించే మార్గాల్లో ఇంతకన్నా చవకైనది నేను వినలేదు. పొట్టి కంపెనీలవాళ్లకి జూనియర్ల మీద జులుం ఎక్కువన్న పేరుండేది. కొలబద్దతో మనుషుల్ని పంచితే కొలబద్ద చెప్పినట్టే తయారవుతారు మరి.

ఈ కథంతా తమిళనాడులోని తిరుచ్చులిలో టీకొట్టు దగ్గర చెబితే ఒక పెద్దాయన గ్లాసు దించకుండానే అన్నాడు: "అదేం గొప్పరా అబ్బాయ్, మమ్మల్ని మార్చలేదా?"

నిజమే. 1879లో రమణ మహర్షి ఇక్కడ పుట్టినప్పుడు ఈ ఊరు మదురై జిల్లా. 1910లో రామనాథపురం జిల్లా పుట్టింది, ఊరు అందులోకి. 1985లో దాన్ని ముక్కలు చేసి విరుదునగర్ కేంద్రంగా కామరాజర్ జిల్లా చేశారు, ఊరు ఇందులోకి. ఇప్పుడు కలెక్టరు కావాలంటే పడమటికి, విరుదునగర్‌కి పోవాలి. పార్లమెంటుకి ఓటు మాత్రం రామనాథపురం నియోజకవర్గంలో. ఊరు అంగుళం కదల్లేదు, కంపెనీలు మాత్రం మారుతూనే ఉన్నాయి. బహుశా అందుకే, ఈ మట్టిలో పుట్టిన ఆ ఒక్కాయన 1896లో అరుణాచలం చేరి, 1950లో దేహం విడిచేదాకా 54 ఏళ్లు అక్కణ్ణించి కదలనేలేదు. ఏ కమాండెంటు ఆర్డరూ ఆయన మీద పని చేసేది కాదు.

మార్చకపోతే ఏమవుతుందో కూడా మా ప్రాంతానికి తెలుసు. కోవిల్‌పట్టి, అరుప్పుకోట్టై చుట్టూ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఎన్నో. వీళ్ల పెద్దల్లో చాలామంది విజయనగరం సేనల వెంట వచ్చినవాళ్లు. 16వ శతాబ్దంలో మదురై ఏలిన విశ్వనాథ నాయకుడూ, దళవాయి అరియనాథ మొదలియారూ రాజ్యాన్ని 72 పాళెయాలుగా పంచారనీ, మదురై కోట 72 బురుజులకి ఒక్కో పాళెగాణ్ణి కాపలా పెట్టారనీ చెబుతారు. తండ్రి బురుజు కొడుక్కి, కొడుకుది మనవడికి. స్క్రాంబుల్ ఊసే లేదు. ఫలితం? పాంచాలంకురిచ్చి, ఎట్టయపురం ఇరుగుపొరుగు పాళెయాలు. రెండు చోట్లా ఏలికలు తెలుగు మూలాలవాళ్లే. పొలిమేర తగాదాల్లో తలలు పగలగొట్టుకున్నారు. 1799లో తెల్లవాళ్లు పాంచాలంకురిచ్చి ఏలిక కట్టబొమ్మన మీదికి వస్తే ఎట్టయపురం తెల్లవాళ్ల పక్కన నిలబడింది. అక్టోబరు 16న కయత్తారులో కట్టబొమ్మనని ఉరి తీశారు. 72 కంపెనీలు ఒకదానితో ఒకటి కలవనంటే, లండన్ నుంచి వచ్చిన ఒకే ఒక్క కంపెనీ అన్నిటినీ తనలో కలిపేసుకుంది.

కొసమెరుపు మరోటి ఉంది. ఆ కంపెనీ కోసం తెలుగు సిపాయిలు ఎన్నో యుద్ధాలు చేశారు. 1880ల్లో మద్రాసు సేనకి అధిపతిగా వచ్చిన ఫ్రెడరిక్ రాబర్ట్స్ దొరకి దక్షిణాదివాళ్లెవరూ యోధుల్లా కనిపించలేదు. ఆ తర్వాత తెలుగువాళ్ల భర్తీ అడుగంటింది. కత్తి పట్టుకుని ఇంతదూరం వచ్చిన వాళ్ల మనవలకి కత్తి పనికిరాదన్నారు. మళ్లీ కొలబద్దే!

కాబట్టి నేను స్క్రాంబుల్ పక్షమే. అయితే మొదలుపెట్టేది ఇరవయ్యేళ్ల కుర్రాళ్లతో కాదు. కుల సంఘానికి మూడోసారి అధ్యక్షుడైన పెద్దమనిషిని అయిదేళ్లపాటు పక్క కులం సంఘానికి కేటాయించండి. అక్కడ ఆయన పని కుర్చీలు వేయడం. ఒకే పార్టీ ఆఫీసు అరుగు మీద ముప్పయ్యేళ్లుగా పాతుకుపోయిన వాణ్ణి ఎదుటి అరుగుకి పంపండి. ఎమ్మెల్యేలకి మాత్రం ఆర్డరు అక్కర్లేదు, వాళ్లు స్వయంగానే మారతారు. ఆ మార్పు ఆపడానికే ఫిరాయింపుల చట్టం తెచ్చారు, అదీ మా జిల్లాని మార్చిన 1985లోనే. ఊళ్లకి లేని రక్షణ పార్టీలకి దొరికింది.

ఏ ఆర్మీ పెద్దా తన బ్యాచ్‌ని స్క్రాంబుల్ చేయమని అడిగినట్టు నేను వినలేదు. ముప్పయ్యేళ్ల తర్వాతా బ్యాచ్ డిన్నరు బ్యాచ్ డిన్నరే. ముఠా కిందున్నప్పుడే ముఠా, పైకెక్కితే సంప్రదాయం.

మన దగ్గర సంగతి కొంత నయం. ఖడక్‌వాస్లా జాతీయ రక్షణ అకాడమీ (ఎన్‌డీఏ)లో ఏ స్క్వాడ్రన్‌లో చేరితే సాధారణంగా మూడేళ్లూ అదే. ఆ తర్వాత డెహ్రాడూన్ సైనిక అకాడమీకి వెళితే ఎలాగూ కొత్త కంపెనీ. అక్కడి కంపెనీలకి కోహిమా, కెరెన్, కాసినో అంటూ యుద్ధాల పేర్లుంటాయి. కాసినో కంపెనీలో పడ్డానని కొడుకు ఫోన్ చేస్తే అమ్మలు హడలిపోనక్కర్లేదు. అది జూదశాల కాదు, రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలో మన సైనికులు పోరాడిన చోటు.

ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏ అకాడమీకి వెళ్లే పిల్లలకైనా చెప్పేదొక్కటే. ట్రంకుపెట్టె మీద మీ పేరు పెయింటుతో రాయించుకోండి. కంపెనీ పేరు మాత్రం సుద్దముక్కతో రాయండి.