సత్ప్రవర్తన

విజయవాడ హైవే మీద ఆ పెట్రోలు బంకుకు రాత్రి షిఫ్టు ఇన్‌ఛార్జి కావాల్సి వచ్చాడు. అంతకుముందు ఉన్నవాడు రెండు రోజులకోసారి క్యాష్‌లో షార్టేజీ చూపిస్తుంటే యజమాని తీసేశాడు. గేటు దగ్గర అట్టముక్క మీద రాసి పెట్టిన మర్నాడే ముగ్గురు వచ్చారు.

యజమాని అడిగేది ఒకటే ప్రశ్న. దరఖాస్తులో సంవత్సరాల మీద పెన్ను ఆనించి కిందికి జరుపుకుంటూ వస్తాడు. వరుస ఎక్కడ తెగితే అక్కడ ఆగుతాడు.

"ఈ నడుమ ఏం జేసినవ్?"

2020లో సైబరాబాద్ పోలీసులు బంకుల మీద పడి, మిషన్ల లోపల దాచిన చిప్పులు పట్టుకున్న దగ్గర్నుంచి ఆయనకు ఈ పట్టింపు ఎక్కువైంది. ముక్కూ మొహం తెలియనివాణ్ణి బంకులో పెట్టుకుంటే ఏం మీదికొస్తుందో చెప్పలేమంటాడు. బంకు నడిపే ఎవరైనా అనే మాటే అది.

మొదటి కుర్రాడికి ఏడాది ఖాళీ. నానమ్మకు బాగాలేక చూసుకున్నానన్నాడు. ఏ ఆస్పత్రి అంటే నీళ్లు నమిలాడు. రెండోవాడు సొంత వ్యాపారం చేశానన్నాడు. ఏం వ్యాపారమో అతనికే తెలియలేదు. ఇద్దరికీ ఫోన్ చేస్తామని చెప్పారు.

మూడో అతనికి నలభైకి దగ్గర వయసు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. ఊళ్లో రైసు మిల్లు గుమాస్తాగా పనిచేసినట్టు రాసుకున్నాడు. పెన్ను 2016 దగ్గర ఆగింది. ఆ కింద కాగితమంతా తెలుపే.

"ఆరేండ్లు. ఏడున్నవ్?"

"జైల్ల, సార్."

పక్క టేబుల్ దగ్గర కాలిక్యులేటరు కొడుతున్న మేనేజరు తలెత్తాడు.

హైదరాబాద్‌లో కారు తోలానని చెప్పమని బావమరిది నేర్పి పంపాడు. బస్సులో దారి పొడుగునా ఆ మాటే అనుకుంటూ వచ్చాడు. తీరా నోట్లోంచి వేరేది వచ్చింది.

"ఏం కేసు?"

"మూడొందల నాలుగు, సార్. పొలం గట్టు కాడ కొట్లాట. మా పెదనాయన కొడుకే. కట్టెతోని ఒక్క దెబ్బ ఏసిన. తలకు తాకింది. ఎనిమిదేండ్లు ఏసిండ్రు. మాఫీలు పోను ఆరేండ్లకు ఇడిసిపెట్టిండ్రు."

యజమాని పెన్ను పక్కన పెట్టాడు. కాసేపటికి మేనేజరు వైపు తిరిగి మూడు చాయ్‌లు తెప్పించమన్నాడు.

"గట్టు పంచాయితీల చెయ్యి లేవనోడు ఎవడు? మా ఇంట్ల గూడ అయినయ్. గడియల అయిపోతది. గంత మాత్రాన మనిషి చెడ్డోడైతడా?"

అతను ఏమీ అనలేదు. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నిజం జెప్పినవ్. ఇందాక ఇద్దరొచ్చిండ్రు, ఒక్కడు గూడ చెప్పలే. లోపల ఏం పని జేపిచ్చిండ్రు?"

"మొదలు తోటపని సార్. మంచిగ ఉంటున్నా అని తర్వాత బంకుల ఏసిండ్రు. నాలుగేండ్లు ఆడనే."

యజమాని కుర్చీ ముందుకు లాక్కున్నాడు. జైళ్ల శాఖ రోడ్డు పక్కన బంకులు నడుపుతుందని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. చంచల్‌గూడ బంకు ముందు బళ్లు వరుస కడతాయి. పోసేది ఖైదీలే. దగ్గర్లో ఇంకో బంకు ఉన్నా జనం అక్కడికే వెళ్తారు.

"పొద్దుగాల బంకు తెరవంగనె ఏం జేస్తవ్?"

అతను వరుసగా చెప్పాడు. కడ్డీ చివర పేస్టు రాసి ట్యాంకులో దించుతాడు. అడుగున నీళ్లుంటే పేస్టు రంగు మారుతుంది. హైడ్రోమీటరు, థర్మామీటరు వేసి డెన్సిటీ తీస్తాడు. దాన్ని 15 డిగ్రీల లెక్కకు మార్చి బోర్డు మీద రాస్తాడు. మీటరు రీడింగులు ఎక్కించుకుని, అప్పుడు మొదటి బండిని పిలుస్తాడు. షిఫ్టు దిగేటప్పుడు రీడింగూ క్యాషూ ఎన్నడూ తేడా రాలేదు.

ఫోల్డరులోంచి ఒక కాగితం తీసిచ్చాడు. జైలు అధికారి సంతకం, గుండ్రటి ముద్ర. సత్ప్రవర్తన గలవాడు, డబ్బు విషయంలో ఒక్క ఫిర్యాదూ లేదు అని ఉంది. యజమాని రెండుసార్లు చదివి మేనేజరుకు అందించాడు.

"పద్దెనిమిది వేలు. తిండి మాదే, రూము మాదే. ఇయ్యాల రాత్రి నుంచే ఎక్కు. పొయ్యి ఒకసారి మిషన్లు చూసుకో."

అంతలో ఫోన్ మోగింది. యజమాని కిటికీ దగ్గరికి వెళ్లి మాట్లాడసాగాడు.

అతను లేచి మేనేజరును అడిగాడు. "టెస్టింగ్ క్యాను ఏడ ఉన్నది, అన్నా?"

మేనేజరు యజమాని వీపు వైపు చూశాడు. వీపు తిరగలేదు.

క్యాను బీరువా పక్కన నేల మీద ఉంది. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల పాత్ర. సన్నటి మెడ, మెడ మీద గీతలు. ప్రతి బంకులోనూ ఉండాల్సిందే. ఎవరైనా అనుమానపడి అడిగితే అందులో పోసి చూపించాలి. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు దానికి పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు పెట్టారు. ఇది మే నెల. బొట్లు చెక్కుచెదరలేదు. మెడలో బంతిపూల దండ ఎండి గలగలలాడుతోంది.

అతను దండ తీసి బల్ల మీద పెట్టాడు. జేబురుమాలుతో దుమ్ము తుడిచాడు. బొట్లు చెరగనీయలేదు.

రెండో నంబరు మిషన్ దగ్గర కుర్రాడిని పక్కకు జరగమని ఐదు లీటర్లు కొట్టాడు. మొదటిసారి పోసేది పాత్ర తడవడానికే. దాన్ని ట్యాంకులోకి వంపి, చుక్కలు ఆగేదాకా పాత్ర బోర్లించి పట్టుకుని, మళ్లీ కొట్టాడు. నురగ దిగేదాకా ఆగాడు. మోకాళ్ల మీద కూర్చుని గీతకు కంటిని సమం చేసుకున్నాడు.

ఐదు లీటర్లకు పాతిక మిల్లీలీటర్లు అటూ ఇటూ అయినా చట్టం ఏమీ అనదు. పెట్రోలు అసలు గీతల దాకా రాలేదు.

మూడో నంబరులోనూ పోశాడు. మెడ అక్కడా ఖాళీగానే ఉంది.

అతను చుట్టూ చూశాడు. స్తంభం వెనక 'నో స్టాక్' అట్ట కనబడితే తెచ్చి రెండో మిషన్‌కు తగిలించాడు. గేటు దగ్గరి ఉద్యోగ ప్రకటన తీసి, వెనక్కి తిప్పి, 'పనిచేయదు' అని రాసి మూడోదానికి కట్టాడు. ఈలోగా ఒక కారు వచ్చి ఆగింది.

"మిషన్ ఖరాబున్నది సార్, తక్కువ పోస్తున్నది. ముంగట ఇంకో బంకున్నది."

కారు వెళ్లిపోయింది. అద్దం అవతల యజమాని ఫోన్ చెవిన పెట్టుకుని చూస్తున్నాడు. మాట్లాడటం ఆపి చాలాసేపైంది.

అతను చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"సార్, రెండు మిషన్లు తక్కువ పోస్తున్నయ్. మీ దాక వచ్చినట్టు లేదు. మెకానిక్‌ను పిలిస్తే రేపటికల్ల సరిజేస్తడు. తూనికలోళ్లతోని మళ్ల సీలు ఏపిచ్చుకోవాలె. రిజిస్టర్ల ఎక్కిద్దామని తెరిచిన. ఈ నెల ముప్పై ఒకటి దాక సరిగ్గున్నట్టు ముందే రాసున్నది. ఏడ రాయమంటరు?"

మేనేజరు కాలిక్యులేటరు ముందుకు లాక్కుని ఏవో అంకెలు నొక్కాడు.

"జైలు బంకుల గూడ గిట్లనే జేస్తుంటివా?" యజమాని గొంతు మెత్తగా ఉంది.

"రోజూ, సార్. ఎంత తక్కువొచ్చినా ఆ మిషన్ బందే. నాలుగేండ్లు ఒక్క పొద్దు తప్పలే. ఇప్పుడు చెయ్యి దానంతట అదే పోతది."

యజమాని కాగితాలన్నీ సర్ది ఫోల్డరులో పెట్టాడు. జైలు అధికారి ఇచ్చిన కాగితాన్ని అన్నిటికంటే పైన కనబడేలా పెట్టి, రెండు చేతులా ఇచ్చాడు. బస్సు చార్జీకని రెండు వందలు చేతిలో పెట్టాడు.

"ఫోన్ జేస్తం, తమ్మీ."

అతను డబ్బు వైపు, యజమాని వైపు చూశాడు. నోటు బల్ల మీద పెట్టి, దండం పెట్టి వెళ్లాడు.

మేనేజరు బయటికి పోయి రెండు అట్టలూ విప్పి తెచ్చాడు. క్యానును బీరువా పక్కకు నెట్టి, ఎండిన దండను దాని మెడలో వేశాడు. కొంచెం ఆగి అడిగాడు.

"మర్డర్ కేసోడని వద్దనుకున్నరా సార్?"

"ఛ, అదేం మాట?" అన్నాడు యజమాని. "పిలగాడు మంచోడే. జైలుకు వొయ్యి చెడిపోయిండు."