బల్లి గారి పేకముక్కలు

మరీ ఆన్ లెనోర్మాన్ అనే ఫ్రెంచి యువతి పారిస్ చేరి, తూర్నోన్ వీధిలో కొట్టు పెట్టింది. కాగితాల మీద పుస్తకాల వ్యాపారం. అమ్మింది మాత్రం దొరసానుల భవిష్యత్తు. నెపోలియన్ భార్య జోసెఫిన్ సైతం ఆమె పేకముక్కలకు చెవి ఒగ్గింది. ఫ్రెంచి విప్లవ కాలంలో దాని నాయకులు మారా, రోబెస్పియర్ కూడా తన గడప తొక్కారని ఆవిడే చెప్పుకుంది. కాదనడానికి అప్పటికి వాళ్లెవరూ బతికి లేరు!

1809 డిసెంబర్‌లో, జోసెఫిన్‌కు విడాకులవుతున్న వేళ, పోలీసులు ఈవిడను పట్టుకెళ్లారు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. అయితే గడుసు బల్లి. 1814లో నెపోలియన్ గద్దె దిగాక ఆ అరెస్టు మీదే పుస్తకం అచ్చేసింది. జరిగిపోయినదాన్ని ముందే చెప్పడంలో ఆవిడకు సాటి లేరు.

నూరేళ్లు దాటి బతుకుతానంది. 1843లో, డెబ్బై ఒకటో ఏట పోయింది. పోయాక ఆమె పేరుతో 36 ముక్కల జోస్యం పేక బజారుకొచ్చింది. ఆరా తీస్తే, అది నూరెంబర్గ్‌లో కాలక్షేపానికి ఆడుకునే ఆట. నేటికీ ఆ ముక్కల్లో పెళ్లి ముహూర్తాలూ ప్రమోషన్లూ వెతికేవారికి కొదవలేదు.

ఆస్తికి వారసుడు పరమ భక్తుడైన సైనికుడు. జోస్యం సరంజామా అంతా పాపమని తగలబెట్టాడు. ఆ పాపంతో కూడబెట్టిన సొమ్ము మాత్రం ఉంచుకున్నాడు. ఆ ఇంట్లో భవిష్యత్తు సరిగ్గా చదివింది అతనొక్కడే!