రౌండుకు 108 సెకన్లు

నా లోపల సన్నని క్వార్ట్జ్ ముక్క ఒకటుంది. బ్యాటరీ నుంచి కరెంటు అందితే చాలు, సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ కంపనాలను లెక్కబెట్టి సెకనులో నూరో వంతు దాకా చూపించడం నా పని. నేను స్టాప్‌వాచ్‌ని. ఇబ్రహీంపట్నంలో పోలీసు ఉద్యోగాలకు పిల్లల్ని తయారుచేసే ఒక సార్ మెడలో నల్ల తాడుకు వేలాడుతుంటాను.

తెల్లారకముందే గ్రౌండుకు జనం వస్తారు. మంగళ్‌పల్లి, రాయపోలు, దండుమైలారం నుంచి ఒక్కో బైకు మీద ఇద్దరేసి, ముగ్గురేసి దిగుతారు. 2022లో ఎస్సై, కానిస్టేబుల్ నోటిఫికేషన్లు పడ్డప్పుడు నిలబడడానికి చోటు లేదు. కుతుబ్‌షాహీల కాలం నాటి మా పెద్దచెరువు 40 ఏళ్లకు పైగా ఆగి అలుగు పారింది కూడా ఆ ఏడాదే. ఊరంతా చెరువు చూడ్డానికి పోతే మా పిల్లలు మాత్రం నా అంకెలు చూస్తూ గడిపారు. ఆ నోటిఫికేషన్లకు ముందు పోలీసు పరీక్షల్లో మగపిల్లలకు 100, 800 మీటర్ల పరుగులుండేవి. ఆసారి వాటి బదులు 1600 మీటర్లు పెట్టారు, 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలి. ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు.

7 నిమిషాల 15 సెకన్లంటే 435 సెకన్లు. 400 మీటర్ల నాలుగు రౌండ్లకు పంచితే రౌండుకు 108 సెకన్ల పైచిలుకు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో అదే 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి పారా అథ్లెటిక్స్ ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆమె తీసుకున్న సమయానికి దాదాపు రెట్టింపు మా పిల్లల చేతిలో ఉంటుంది. అయినా చాలామంది మూడో రౌండులోనే చతికిలబడతారు. వాళ్లకు వేగం లేక కాదు. ఆ వేగాన్ని ఎక్కడ, ఎంత ఖర్చుపెట్టాలో తెలియక.

దండుమైలారం నుంచి వచ్చే ఒక పిల్లగాడు మొదటి రోజే అడిగాడు: "సార్, నాకు డైరెక్టుగ స్పీడ్ నేర్పుండ్రి." సార్ నన్ను జేబులో వేసుకున్నాడు. "ముందుగాల పక్కోనితోని ముచ్చట పెట్టుకుంట ఉరుకు. ఊపిరి ఆడక మాట ఆగిందంటే స్పీడ్ ఎక్కువైనట్టు." వారాల తరబడి నాకు వాడితో పనే పడలేదు. తర్వాత సార్ నెమ్మది పరుగు చివర నాలుగు స్ట్రైడ్స్ చేర్చాడు. 80, 100 మీటర్లు క్రమంగా వేగం పెంచడం, చేతులు వదులుగా ఉంచడం, ఆగి నడవడం, మళ్లీ వెళ్లడం. అప్పుడూ నా బటన్ నొక్కలేదు. కాళ్లకు వేగం అలవాటు కావాలి తప్ప అంకెల మీద మోజు పుట్టకూడదని సార్ పట్టుదల.

ఆ పట్టుదల వెనక కారణముంది. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముకలకు, స్నాయువులకు నెలలు కావాలి. దమ్ము పెరిగింది కదా అని రోజూ గుంజి ఉరికినవాళ్లు పిక్క ముందు ఎముక పట్టుకుని కూర్చుంటారు. గ్రౌండులో అందరూ చెప్పే షిన్ పెయిన్ అదే.

ఇక నా రోజు వచ్చింది. టేపుతో కొలిచి సున్నం గీసిన 400 మీటర్లు. ఒక్కో రౌండు 1:44కు కొట్టి రెండు నిమిషాలు నడవాలి. మొదటిసారి నా మెమరీలో పడ్డవి 1:31, 1:40, 1:52, 2:03. నాలుగో రౌండు ముగిసేసరికి వాడు మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగిపోయాడు. సార్ తిట్టలేదు, ఆ నాలుగు అంకెలూ వాడికే చూపించాడు. వారానికి ఒక్కరోజే ఈ పని. మర్నాడు మళ్లీ ముచ్చట పెట్టుకునే పరుగు. కొన్నాళ్లకు అదే మెమరీలో 1:44, 1:43, 1:44, 1:44, 1:43 కనిపించాయి. ఆఖరిది 1:42. ఆ వరుస నాకెంత ఇష్టమో చెప్పలేను.

స్పీడ్ రోజున పరుగు కంటే విశ్రాంతినే నేను ఎక్కువసేపు కొలుస్తాను. 1930లలో జర్మనీలో కోచ్ వోల్డెమార్ గెర్ష్‌లర్, వైద్యుడు హెర్బర్ట్ రైండెల్ ఇదే మాట పట్టుకున్నారు. పరుగుతో గుండె వేగం నిమిషానికి 180 దాకా చేరాలి, అది 120కి దిగాకే తర్వాతి పరుగు. గుండె బలపడేది ఆ దిగే వేళలోనేనని వాళ్ల నమ్మకం. గెర్ష్‌లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1:46.6కు పరుగెత్తాడు. ఆ రికార్డు 16 ఏళ్లు నిలిచింది. అంతటివాళ్లే విశ్రాంతిని లెక్కగట్టి తీసుకుంటే, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దాన్ని ఎగ్గొట్టడం చూస్తే నాకు బాధేస్తుంది.

ఈవెంట్స్, అంటే అసలు పరుగు పరీక్ష రోజు నేను సార్ మెడలోనే గేటు బయట ఉండిపోతాను. లోపల ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్‌లు టైము కొలుస్తాయి. అక్కడ ఒక్క సెకను దాటినా అర్హత పోతుంది. అందుకే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒకటే విన్నపం: నోటిఫికేషన్ పడ్డాక రావద్దు. మీ ఎముకలకు నెలలు కావాలి, ఇప్పుడే వచ్చి నెమ్మదిగా మొదలుపెట్టండి.